కొత్త కెమేరా కొనుటకు ముందు

సూర్యాపేటకు పిల్లలమఱ్ఱి దగ్గర ఊరు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఉదయమున, అంతకు వారము ముందు కొన్న కెమేరాను మెడకు తగిలించుకొని నేనక్కడికి పోయితిని. కాకతీయుల సామంతులైన రేచర్ల వంశమువారు కట్టించిన శివాలయములు ఆ ఊర నున్నవి. వానిలో ఎరకేశ్వరాలయమును ఎరకసానమ్మ అను నామె 1208వ సంవత్సరమున కట్టించినది. మండపములోని నల్లరాతి స్తంభములను నాటి శిల్పులు అద్దమువలె నునుపుచేసిరి; ఎనిమిది వందల ఏండ్లు గడచినను ఆ నునుపు చెడలేదు. వానిపై బెత్తెడు ఎత్తున నర్తకులును, మద్దెల వాయించువారును కనబడుదురు.

మధ్యాహ్నమువరకు నూటికి పైగా చిత్రములు తీసి, ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూచుకొంటిని. బయట తీసినవి బాగుగానే వచ్చినవి. లోపల తీసినవన్నియు చెడినవి. కొన్ని కదలిపోయినవి. కొన్నిటిలో నలుపు నలుపులో కలిసిపోయి ఏమియు కానరాలేదు. మిగిలినవానిలో నర్తకి ముఖము ఉండవలసినచోట తెల్లని మెఱపు ఉన్నది. ఆ రాత్రి నాకు కలిగిన మొదటి ఆలోచన, ఇంతకంటె ఖరీదైన కెమేరా కొనవలె ననియే.

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఛాయాచిత్రములయందు మక్కువ గలవారెవ్వరైనను ఈ ఆలోచనను ఎఱుగనివారు కారు. కొందఱికి అది పెండ్లిళ్ల కాలము ముగిసి చేతికి డబ్బు అందిన వెంటనే కలుగును. ఉద్యోగులకు నెల మొదట కలుగును. “ఉన్నది చాలదా? మఱల నెందుకు?” అని ఇంటిలో అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సరియైన జవాబు కొనువానికే తెలియకపోవుట చిక్కు. ఏ చిత్రము నాకు రాలేదు, ఎందుచేత రాలేదు అని విచారించినగాని ఆ జవాబు దొరకదు. నా చెడిన చిత్రములనే పట్టుకొని ఆ విచారణ చేసెదను.

వెలుతురుతో ప్రారంభింతము. నడిమధ్యాహ్నపు ఎండలో తీయువారికి పాతకాలపు సూత్రమొకటి కలదు. ఫిల్మునకు గాని, నేటి కెమేరాలో ఫిల్ము స్థానమున నున్న సెన్సారునకు గాని గ్రహణశక్తి 100 అయినచో, లెన్సు ద్వారమును 16 అంకెకు తగ్గించి, సెకనులో 100వ వంతు కాలము తెరచిన చాలును. గుడి మండపములో వెలుతురు బయటి ఎండకంటె సుమారు వెయ్యిరెట్లు తక్కువ అనుకొందము. మన కన్ను చీకటికి అలవాటుపడును గనుక ఈ తేడా మనకు తోచదు. యంత్రమునకు అట్టి అలవాటు లేదు. కెమేరాతోపాటు పెట్టెలో వచ్చు చిన్న జూము లెన్సును దూరపు చివరకు తిప్పినపుడు, దాని ద్వారము సాధారణముగా 5.6 అంకెను మించి తెరచుకొనదు. లెక్క వేసిన, అప్పుడు ఒక్క చిత్రమునకు సెకనుకు పైగా కాలము పట్టును. చేతితో పట్టుకొన్న కెమేరాను సెకనులో 60వ వంతు కాలము కదలకుండ నిలుపగలిగినవాడే గట్టివాడు. నా చిత్రములు కదలిపోవుటలో వింత యేమున్నది?

ఈ అంకెల అర్థము చాలమంది కొనువారికి దుకాణములో ఎవ్వరును చెప్పరు. లెన్సు నాభ్యంతరమును ద్వారపు వెడల్పుతో భాగించగా వచ్చునదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సుపై 1.8 అని వ్రాసియున్నచో, దాని ద్వారము సుమారు 28 మిల్లీమీటర్ల వెడల్పు తెరచుకొనునని అర్థము. అదే నాభ్యంతరమునకు 5.6 అయినచో వెడల్పు 9 మిల్లీమీటర్లు మాత్రమే. మొదటిది కిటికీ, రెండవది తాళపుచెవి రంధ్రము. వైశాల్యమున చూచిన, మొదటి దానినుండి దాదాపు పదిరెట్లు వెలుతురు లోపలికి పోవును. అట్టి లెన్సుతో మండపములో సెకనులో 8వ వంతు కాలము చాలును. గ్రహణశక్తిని 800కు పెంచినచో 60వ వంతు చాలును. అనగా చేతితోనే తీయవచ్చును. ఇట్టి 50 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు ప్రతి కంపెనీ లెన్సులలోను చౌకవానిలో ఒకటి. దీనిని కొనక, బాడీని మార్చి అదే జూము లెన్సును దానికి తగిలించువారిని నేను అనేకులను చూచితిని. మొదటి వరుసలో నేనే యుంటిని.

అంతకంటెను మేలైన మార్గము స్టాండు. మూడుకాళ్ల స్టాండుపై నిలిపిన కెమేరాకు సెకనైనను, ఐదు సెకనులైనను ఒక్కటే; రాతిస్తంభము కదలదు గదా! ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున ఛాయాగ్రాహకుడుగా నుండి, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ గాజుపలకలపై చిత్రములు తీసెను. ఆ పలకల గ్రహణశక్తి నేటి అతి చౌకయైన కెమేరా ముందు కూడ నిలువదు. అయినను కోటలను, దర్బారు మందిరములను ఆయన తీసిన చిత్రములలోని స్పష్టతను చూచి నేటివారు ఆశ్చర్యపడుదురు. బరువైన పెట్టె, గట్టి స్టాండు, తొందరలేని మనిషి — ఈ మూడును ఆ స్పష్టత వెనుక నున్నవి. మన ఊళ్లలో మాత్రము స్టాండును అందఱును చివర కొందురు, అదియు అన్నిటికంటె చౌకదానిని కొందురు. గాలికి ఊగు స్టాండు కంటె మండపపు అరుగుపై పెట్టిన బియ్యపు సంచి మేలు. రక్షిత కట్టడములలో స్టాండు నిలుపుటకు ముందుగా అనుమతి అడుగవలెను. గర్భగుడిలో పూజారి వద్దన్న చోట తీయరాదు.

ఇక నర్తకి ముఖముపై పడిన తెల్లని మెఱపు సంగతి. ఇది వెలుతురు తక్కువవలన వచ్చిన లోపము కాదు, నునుపువలన వచ్చినది. వాకిలినుండి వచ్చిన వెలుతురు నునుపు రాతిపై పడి తిరిగి నేరుగా లెన్సులోనికి వచ్చినది. ఎన్ని లక్షల కెమేరా అయినను దీనిని తొలగింపజాలదు; పోలరైజింగ్ ఫిల్టరు అను ఒక అద్దపుబిళ్ల తొలగించును. రాయి, నీరు, ఆకు, గాజు మొదలగు లోహేతర వస్తువులపై తగిలి తిరిగివచ్చు వెలుతురులో తరంగములు చాలవరకు ఒకే దిశలో కంపించును. ఈ బిళ్లను త్రిప్పుచు పోయినచో ఆ దిశ వెలుతురును అది అడ్డగించు చోటు దొరకును. స్తంభమునకు నేరుగా ఎదుట నిలిచిన ఫలితముండదు. రాతి ఉపరితలమునకు సుమారు 35 డిగ్రీల వాలున చూచునట్లు ప్రక్కకు జరుగవలెను. బిళ్ల తనవంతుగా కొంత వెలుతురును మ్రింగును, సుమారు నాలుగింట మూడు వంతులవరకు. కావున మఱల స్టాండు అవసరమే. లోహపు మెఱపుపై ఇది పనిచేయదు; అమ్మవారి నగలకై దీనిని కొనకుడు.

ఈ బిళ్లకు మిర్యాలగూడ ప్రాంతములో గుడికంటె పొలములో ఎక్కువ పని కలదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిన పిమ్మట ఎడమ కాలువ క్రింది నేలలు వరిమళ్లుగా మారినవి. నాట్లు వేసిన కొత్తలో మడి యంతయు అద్దము. బిళ్లను ఒక వైపు త్రిప్పిన, నీటి మెఱపు పోయి, పచ్చని మొలకలును అడుగున మన్నును తేటగా కనబడును. మఱియొక వైపు త్రిప్పిన, ఆకాశమంతయు మడిలో దిగును. ఏది కావలెనో తీయువాడు నిర్ణయించుకొనవలెను.

అదే మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల దుమ్మును గూర్చి ఒక హెచ్చరిక. వరి ఊకలో ఇసుకజాతి పదార్థమైన సిలికా అధికముగా నుండును. మిల్లుల దగ్గర లెన్సుపై వ్రాలిన దుమ్మును చొక్కా అంచుతో తుడిచినచో గాజుపై పూతను గరుకుకాగితముతో రుద్దినట్లే. మొదట రబ్బరు బుడగతో గాలి కొట్టి దుమ్మును లేపవలెను, తరువాతనే మెత్తని గుడ్డ. నోటితో ఊదరాదు, తుంపురులు పడును. గాలి దుమారములో లెన్సు మార్చుట ఎంతమాత్రము తగదు. తప్పనిసరియైనచో కెమేరా నోటిని క్రిందికి వంచి మార్చవలెను. వర్షకాలమున తోలుసంచిలో మూసియుంచిన లెన్సు లోపల బూజు సాలెగూడువలె పెరుగును. సిలికా జెల్ పొట్లములు వేసిన గాలిచొరని డబ్బా చాలును. తేమ నూటికి 40, 50 మధ్య నుండిన మంచిది. ఈ డబ్బాకు అయ్యెడి ఖర్చు ఒక పూట హోటలు భోజనమునకు మించదు.

కోదాడలో నా పరిచితులలో పలువురు పెండ్లి ఛాయాగ్రాహకులు. వారికి చీకటి గుడితో పని తక్కువ, ఫ్లాషుతో పని ఎక్కువ. దూరము రెట్టింపైన ఫ్లాషు వెలుతురు నాలుగవ వంతగును. పెండ్లికూతురు ఫ్లాషుకు 2 మీటర్ల దూరమునను, మేనమామలు 4 మీటర్ల దూరమునను ఉన్నచో, ఆమె ముఖము పాలిపోవును, వారు చీకటిలో నుందురు. ఫ్లాషు తలను తెల్లని పైకప్పువైపు త్రిప్పిన, కప్పునుండి వెలుతురు పరచుకొని వచ్చి ఈ తేడా చాలవరకు తగ్గును. అయితే పైన ఎఱ్ఱని షామియానా గుడ్డ ఉన్నచో అందఱి ముఖములును కుంకుమ చల్లినట్లగును. అట్టిచోట చిన్న తెల్లగొడుగును, దానికొక కాడను, ఫ్లాషును దూరమునుండి వెలిగించు చిన్న యంత్రమును కొనుట, బాడీ మార్చుటకంటె పదిరెట్లు ప్రయోజనకరము.

ఇట్లన్నందున బాడీని ఎన్నడును మార్చరాదని నా అభిప్రాయము కాదు. రెండేండ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతులస్వామి జాతర జరుగును. రాత్రివేళ గంపలెత్తుకొని గుట్ట నెక్కు జనమును తీయుటకు స్టాండు పనికిరాదు. తోపులాటలో అది నిలువదు, జనము కదలక నిలువరు. అక్కడ పెద్ద ద్వారము గల లెన్సుతోపాటు, గ్రహణశక్తిని 6400కు పెంచినను ఇసుక చల్లినట్లు కాని మంచి సెన్సారు కావలెను. జాతర చిత్రములే నీకు ముఖ్యమైనచో బాడీ కొనుము. కాని గుట్టపైనుండి దూరపు ఊళ్లను దగ్గరకు లాగవలెనని పొడవైన లెన్సు కొనువారిని చూచిన నాకు జాలి కలుగును. మిట్టమధ్యాహ్నమున వేడిగాలి నేలపై అలలవలె కదలుచుండగా ఏ లెన్సును దానిని దాటి స్పష్టముగా చూడలేదు. సూర్యోదయమునకు లేచుటయే దానికి మందు, అది ఊరక వచ్చునది.

పాతవి కొనువారికి ఒకటి రెండు మాటలు. 2018లో నికాన్, కెనాన్ కంపెనీలు రెండును అద్దములేని కొత్త కెమేరాలకు కొత్తవిధమైన లెన్సు అమరికలను ప్రవేశపెట్టినవి. దానితో పాత అమరిక లెన్సులు అనేకము చేతులు మారుచున్నవి. మధ్య తొడుగు ఒకటి వేసి వానిని కొత్త బాడీలకు తగిలింపవచ్చును. కొన్ని పాత లెన్సులకు స్వయముగా గురి కుదుర్చుకొను మోటారు ఉండదు. నీ బాడీపై అవి పనిచేయునో లేదో తగిలించి చూచినగాని డబ్బు ఈయవలదు. హైదరాబాదు కోఠీలో కొన్నను, ఊరిలో మిత్రునివద్ద కొన్నను, లెన్సు వెనుకనుండి టార్చిలైటు వేసి లోపల బూజు ఉన్నదేమో చూడుము. బాడీ అయినచో ద్వారమును 16 అంకెకు తగ్గించి తెల్లని గోడను తీయుము. సెన్సారుపై దుమ్ము ఉన్నచో చుక్కలుగా కనబడును. షట్టరు ఇంతవరకు ఎన్ని పర్యాయములు తెరచుకొన్నదో అడుగుము. అది అరుగు వస్తువు.

నా సంగతి చెప్పి ముగించెదను. కొత్త బాడీ కొనలేదు. ఒక మిత్రుని స్టాండు అరువు తెచ్చుకొని, ఫిల్టరు బిళ్ల మాత్రము కొని, నెల తరువాత మఱల పిల్లలమఱ్ఱి పోయితిని. అనుమతి అడిగి, స్తంభమునకు ప్రక్కగా కెమేరాను నిలిపి, బిళ్లను మెల్లగా త్రిప్పగా మెఱపు కరగిపోయి నర్తకి ముఖము బయటపడినది. ఆరు సెకనులు తెరచియుంచితిని. పూజారిగారు దగ్గరకు వచ్చి, “ఈసారి కొత్తది తెచ్చినారా బాబూ?” అని అడిగిరి. పాతదే నంటిని. వెనుక తెరపై చిత్రము చూపితిని. ఆయన దానిని చాలసేపు చూచి, “ఈమె వెనుక మద్దెలవాడున్నాడే!” అని, లేచి స్తంభము దగ్గరకు పోయి వ్రేలితో తడిమి చూచిరి.