మితవ్యయం – హితాహారం

‘కోటి విద్యలు కూటి కొరకే’ అన్నది తెలుగువారి లోకోక్తి. కూటిని సంపాదించడం ఒక విద్య. సంపాదించిన కొద్దిపాటి ధనంతో కుటుంబానికి బలవర్ధకమైన ఆహారాన్ని సమకూర్చడం మరొక విద్య. మొదటిదానికి పాఠశాలలు, కళాశాలలు ఉన్నాయి. రెండవదానిని తరతరాలుగా గృహిణులు వంటింటిలోనే నేర్చి, వంటింటిలోనే నేర్పుతూ వచ్చారు.

సామాన్య కుటుంబంలో నెల మొదటి వారాన పచారీ సరుకుల జాబితా తయారవుతుంది. ఒకప్పుడు ఆ జాబితా బియ్యం, పప్పులు, చింతపండు, నూనె, బెల్లం వంటి వాటితోనే ముగిసేది. నేడు బిస్కట్లు, నూడుల్స్, చిప్స్, శీతల పానీయాలు కూడా అందులో చేరాయి. వీటికి చెల్లించే సొమ్ములో కొంతభాగమే ఆహారానికి చెందుతుంది. తక్కినది తయారీకి, రంగుల పొట్లానికి, ప్రకటనలకు పోతుంది. ఖర్చు పెరిగినా పోషణ పెరగకపోవడానికి కారణం ఇదే.

ధాన్యాన్ని దంచడం, పప్పును విసరడం, పాలను తోడువేయడం కూడా ఆహారాన్ని శుద్ధిచేసే పద్ధతులే. అవి తగుమాత్రంగా ఉన్నంతవరకు మేలే చేస్తాయి. మితిమీరితే కలిగే నష్టానికి బియ్యమే నిదర్శనం. 19వ శతాబ్ది చివరిదశలో జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంతో వండిన అన్నం తిన్న కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలిపోవడం గమనించాడు. పైపొర తీయని బియ్యం పెట్టగా అవి కోలుకున్నాయి. తవుడుతోపాటు పోయినది బి-1 విటమిన్ అని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. మన దేశంలోనూ ఈ లోపం వల్ల కలిగే బెరిబెరి వ్యాధిపై 1918లో కూనూరులో పరిశోధన ఆరంభమైంది. ఆ పరిశోధనశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అతిగా శుద్ధిచేసిన ఆహారాన్ని తగ్గించాలని ఆ సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో సూచించింది.

తక్కువ ఖర్చుతో మంచి భోజనం ఎలా అమరుతుంది? బియ్యంలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ; పప్పులో అది ఎక్కువ. పప్పులో కొరవడిన మెథియొనిన్‌ను ధాన్యం భర్తీ చేస్తుంది. కనుక పప్పన్నం కేవలం రుచికోసం ఏర్పడిన జంట కాదు. రాయలసీమ రాగిసంకటి, తెలంగాణ జొన్నరొట్టె కూడా ఇటువంటి సంపదలే. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. వేయించిన వేరుశనగలు, పుట్నాలు, అటుకులు, ఉడికించిన గుడ్డు సాయంకాలం పిల్లల ఆకలిని తీర్చగలవు. 1999లో ఆరంభమైన రైతుబజార్ల వంటి చోట్ల, ఆయా ఋతువులలో పండే కూరగాయలు చౌకగా దొరుకుతాయి.

కొన్ని పెద్ద దుకాణాలు పప్పులు, రవ్వ, అటుకుల వంటి సరుకులను తమ పేరుతోనే పొట్లాలు కట్టి అమ్ముతాయి. ప్రకటనల ఖర్చు తక్కువ కనుక వాటి ధర సాధారణంగా తక్కువగా ఉంటుంది. కందిపప్పు ఏ పేరుతో అమ్మినా కందిపప్పే. అయితే పేరును గాక పొట్లం వెనుక ముద్రించిన వివరాలను చదవాలి. అక్కడ పదార్థాలను బరువును బట్టి ఎక్కువనుండి తక్కువకు వరుసగా పేర్కొంటారు. చక్కెర మొదటి స్థానాలలో ఉంటే ఆ పొట్లం ఎటువంటిదో తెలిసిపోతుంది. ధరను బరువుతో పోల్చి చూడాలి. తయారీ తేదీని, 14 అంకెల లైసెన్సు సంఖ్యను గమనించాలి.

పొట్లంలో ఉన్నదంతా చెడు, విడిగా అమ్మేదంతా మంచి అనుకోవడం కూడా పొరపాటే. అయోడిన్ కలిపిన ఉప్పు గాయిటర్ వ్యాధిని నివారిస్తుంది. విడిగా అమ్మే నూనెలో కల్తీని కనుగొనడం కష్టం. కనుక విచక్షణయే ఇక్కడ ప్రధానం.

మరొక విషయం మరువరాదు. రాగులు నానవేయడానికి, రొట్టె చేయడానికి, ఆకుకూర బాగుచేయడానికి సమయం కావాలి. పొట్లం కొనేవారు కొంతవరకు ఆ సమయాన్నే కొంటున్నారు. పగలంతా కూలికో, ఉద్యోగానికో వెళ్లివచ్చిన తల్లి ఒక్కతే ఆ శ్రమను మోస్తే, మిగిలిన సొమ్ము ఆమె విశ్రాంతిని అమ్మి తెచ్చినదే అవుతుంది. రాత్రి పప్పు నానవేయడం, ఆకుకూర వలవడం, సరుకుల వివరాలు చదివి కొనడం యువతీయువకులందరూ చేయదగిన పనులే. ఇంటిల్లిపాదీ శ్రమను పంచుకున్ననాడే మితవ్యయం, హితాహారం ఒకే విస్తరిలో ఇముడుతాయి.