20 నిమిషాల్లో సగం మాయం!

సైక్లోట్రాన్ నుంచి కార్బన్-11 వచ్చిందంటే నాకు పరుగే. 20 నిమిషాలకోసారి అందులో సగం మాయమైపోతుంది మరి! సీసపు గోడల వెనక దాన్నో అణువుకి అతికించి, శుద్ధి చేసి, పెట్ స్కానర్ దగ్గరున్న మనిషికి చేర్చాలి. ఆలస్యమైతే ఆ పూట కష్టమంతా వృథా.

ఇంత హడావిడి ఎందుకంటారా? మెదడులో ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే అక్కడి కావలి కణాల్లో, అంటే మైక్రోగ్లియాలో, టీఎస్‌పీఓ అనే ప్రోటీన్ పెరుగుతుంది. మా అణువు పట్టుకునేది దాన్నే. పాత ట్రేసర్ పీకే11195 పట్టు అంతంతమాత్రం. పీబీఆర్28 వచ్చాక హమ్మయ్య అనుకున్నారు. తీరా చూస్తే కొందరి మెదడులో అది దాదాపు అతుక్కోనే లేదు! తప్పు స్కానర్‌ది కాదు. ఆ ప్రోటీన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా అని లండన్ పరిశోధకులు 2012లో తేల్చారు.

అందుకే ఇప్పుడు ముందే రక్తం తీసి జన్యువు చూస్తాం. పరిశోధనకి సాయపడదామని మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో అంత దూరం నుంచి వచ్చినాయనకి "మీకిది పనిచేయదండీ" అని చెప్పాల్సి వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈఆర్176 లాంటి కొత్తవి ఆ తేడాని చాలావరకు తట్టుకుంటాయి. కానీ టీఎస్‌పీఓ రక్తనాళాల గోడల్లోనూ ఉంటుంది, వెలిగిందంతా ఇన్‌ఫ్లమేషనే అనలేం. అందుకే ఇప్పుడు మైక్రోగ్లియాలోనే ఎక్కువగా ఉండే సీఎస్‌ఎఫ్1ఆర్ వెంట పడ్డాం. రేపు పొద్దున్నే మళ్లీ సైక్లోట్రాన్, మళ్లీ పరుగు.