నెల తప్పాక రక్తం కనపడితే

మణికొండ ఒకప్పుడు చిన్న ఊరు. ఇప్పుడు చుట్టూ ఆకాశమంత ఇండ్లు లేస్తున్నాయి. ఆ ఇండ్లకు ఇటుక, ఇసుక మోసేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. అవే ఇండ్లలో తరువాత అంట్లు తోమేదీ ఆడవాళ్లే. నెల తప్పిన కొన్నాళ్లకు గుడ్డ మీద రక్తం మరక కనపడితే వీళ్లు ఏం చేస్తారు? చాలామంది ఎవరికీ చెప్పరు. కూలి పోతుందని పనికి పోతారు. "కడుపు పోయింది, ఇంకేముంది" అని ఊరుకుంటారు.

ఊరుకోకూడదు. రక్తం కనపడినంత మాత్రాన కడుపు పోయినట్లు కాదు. కడుపుతో ఉన్న నలుగురైదుగురిలో ఒకరికి మొదటి మూడు నెలల్లో ఎంతో కొంత రక్తం కనపడుతుంది. వాళ్లలో సగం మందికి పైగా గర్భం నిలుస్తుంది.

నిలిచిందో లేదో ఎట్లా తెలుస్తుంది? నాడి పట్టి చూస్తే తెలియదు. స్కానింగు చేస్తే తెలుస్తుంది.

స్కానింగు అంటే ఎక్స్‌రే కాదు. అది శబ్దంతో పనిచేస్తుంది. ఆ శబ్దం మన చెవికి వినపడదు. బావిలోకి తొంగి అరిస్తే మన గొంతు మనకే తిరిగి వస్తుంది కదా! అట్లాగే యంత్రం పంపిన శబ్దం కడుపులోకి పోయి తిరిగి వస్తుంది. యంత్రం దాన్ని బొమ్మగా చూపిస్తుంది. ఇట్లాంటి యంత్రంతో మొదట ఇనుములో పగుళ్లు వెదికేవారు. గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు దాన్ని కడుపు చూడటానికి వాడారు. 1958లో ఆ సంగతి లోకానికి తెలిపారు.

డాక్టరు ముందుగా గర్భం ఎక్కడ ఉందో చూస్తారు. గర్భసంచిలో ఉంటే మంచిది. నూటికి ఒకరిద్దరికి సంచి బయట, ఎక్కువగా పక్కనుండే సన్నటి గొట్టంలో పెరుగుతుంది. అక్కడ బిడ్డకు చోటు లేదు. గొట్టం పగిలితే లోపలే రక్తం కారుతుంది. బయటికి రెండు చుక్కలే కనపడవచ్చు. లోపల మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోను చేయాలి. గంటకో గుడ్డ తడుస్తున్నా అంతే.

తరువాత గుండె చూస్తారు. ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కపెడితే ఆరేడు వారాలకు గుండె కొట్టుకోవడం కనపడుతుంది. కనపడకపోతే వెంటనే కడిగించుకోవాలని కాదు. నెల లెక్క తప్పి ఉండవచ్చు. రక్తం ఎక్కువ పోకుండా, ఒంట్లో బాగుంటే, వారం పది రోజులకు మళ్లీ చూస్తారు. రక్తపరీక్ష కూడా చేస్తారు. అందుకే ముట్టు వచ్చిన రోజున క్యాలెండరులో గీత పెట్టుకోవాలి. డాక్టరు ముందుగా అడిగేది ఆ తేదీనే.

నెలలు తక్కువైతే పొట్ట మీద నుంచి సరిగా కనపడదు. అప్పుడు సన్నటి కడ్డీ లాంటిదానికి తొడుగు వేసి, కింది నుంచి లోపల పెట్టి చూస్తారు. దీనితో కడుపు పోదు. పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగవచ్చు.

కొందరికి గర్భం నిలవదు. అప్పుడు ఇంట్లో వాళ్లు కోడలినే అంటారు. బరువెత్తిందనీ, బొప్పాయి తిన్నదనీ తిడతారు. ఇట్లా మొదట్లోనే పోయేవాటిలో సగం దాకా పిండం సరిగా ఏర్పడకనే పోతాయి. అందులో ఆమె చేసిన తప్పు ఏముంది?

స్కానింగుకు ముందు ఒక ఫారం ఇస్తారు. పుట్టేది ఆడో మగో తెలుసుకోనని అందులో రాసి ఉంటుంది. 1994 చట్టం ప్రకారం అది అడగడం, చెప్పడం రెండూ నేరమే. వేలిముద్ర వేయకుండా, చదివి సంతకం పెట్టాలి.

మణికొండ వాళ్లకు కొండాపూర్‌లో ప్రభుత్వ దవాఖాన ఉంది. పేట్లబుర్జులో, సుల్తాన్‌బజారులో ప్రభుత్వ ప్రసూతి దవాఖానలు ఉన్నాయి. రక్తం నెగెటివ్ గ్రూపు అయితే అక్కడ చెప్పాలి, ఒక్కోసారి సూది వేయవలసి ఉంటుంది. పాత స్కానింగు కాగితం తప్పక తీసుకుపోవాలి. గర్భం పెరిగిందో లేదో దానితోనే పోల్చి చూస్తారు.