బండిలో కరెంటు ఉన్నట్టుండి పోతే: కొత్త బ్యాటరీ కొనకముందు చూడవలసినవి



కొల్లాపూర్ చుట్టుపక్కల మామిడి కోతల రోజుల్లో తోటకాడ ఒక్క బండి బందైతే ఎంత నష్టమో మీకు చెప్పనక్కరలేదు. కోసిన కాయ ఆగదు, కూలీలకు పొద్దు ఆగదు. కొత్త బండి సంగతి వేరు. పాత జీపు, అంబాసిడరు, మారుతీ 800 ఉన్నవారి కోసం ఈ నాలుగు మాటలు. అంబాసిడరు తయారీ, మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయినవి. ఉన్నవాటిని మనమే కాపాడుకోవాలి.

బండి బాగానే పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోతాయి, హారను మోగదు, తాళం తిప్పితే చప్పుడే ఉండదు. వెంటనే ఏమంటాం? "బ్యాటరీ పోయింది" అంటాం. వేల రూపాయలు పెట్టి కొత్తది తెస్తాం. అది బిగించేటప్పుడు కొసలు గీకి గట్టిగా బిగిస్తారు గనుక బండి నడుస్తుంది. పాత బ్యాటరీదే తప్పు అనుకొంటాం. నిజానికి బాగుపడింది ఆ కొసలే కావచ్చును.

ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ సాధారణంగా మెల్లమెల్లగా నీరసిస్తుంది. నాలుగు రోజుల ముందునుంచే స్టార్టరు బరువుగా తిరుగుతుంది, లైట్లు మసకబారుతాయి. ఒక్క క్షణంలో అంతా పోయిందంటే, విద్యుత్తు పోయే దారి ఎక్కడో తెగిందని ముందుగా అనుమానించాలి. చెరువులో నీళ్లున్నా తూము పూడితే మడికి నీరు రాదు గదా! అప్పుడు చెరువును తిట్టుకొని లాభమేమి?

ఆ దారి ఎట్లా పోతుంది? బ్యాటరీ ఒక కొస నుండి లావు తీగ స్టార్టరుకు పోతుంది. అక్కడినుండి మరో తీగ, పాత జీపుల్లోనైతే ముందు పలకమీది ఆంపియరు మీటరు గుండా, తాళం స్విచ్చికి, ఫ్యూజులకు, లైట్లకు పోతుంది. తిరిగి వచ్చే దారికి వేరే తీగ ఉండదు. బండి ఇనుమే ఆ దారి. బాడీనుండి, ఇంజనునుండి పట్టీలు వచ్చి బ్యాటరీ రెండో కొసకు కలుస్తాయి. వీటినే ఎర్త్ పట్టీలంటారు. పోయే దారి ఎంత ముఖ్యమో, వచ్చే దారీ అంతే ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా మరచేది ఈ వచ్చే దారినే.

"లైటు కొంచెం వెలుగుతున్నది, స్టార్టరు మాత్రం కదలదు. ఇదేమి?" అని అడగవచ్చు. ఒక హెడ్ లైటు బుగ్గకు సుమారు 5 ఆంపియర్లు చాలు. స్టార్టరుకు 150 ఆంపియర్లు, ఇంకా ఎక్కువ కూడా కావాలి. కొసమీద చిలుము పట్టి, ఓము లెక్కన 0.02 మాత్రమే అడ్డు ఏర్పడిందనుకోండి. బుగ్గ దగ్గర తగ్గేది 0.1 వోల్టు, కంటికి తెలియదు. స్టార్టరు దగ్గర తగ్గేది 3 వోల్టులు. 12 వోల్టుల బండికి అది పెద్ద దెబ్బ. ఇది జర్మనీకి చెందిన గెయోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం. సగం పూడిన తూము గుండా కుండెడు నీళ్లు వస్తాయి, మడి తడవదు. అంతే.

ఇక పరీక్ష. ముందు బండిని రోడ్డు పక్కకు తీసి, గేరు తీసి, హ్యాండు బ్రేకు వేయండి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. బ్యాటరీ నుండి వచ్చే హైడ్రోజను వాయువు నిప్పు తగిలితే పేలుతుంది.

హెడ్ లైట్లు వేసి, వాటిని చూస్తూ స్టార్టరు నొక్కండి.

లైట్లు మెల్లగా మసకబారి, ఇంజను బరువుగా తిరిగితే బ్యాటరీలో ఛార్జి తగ్గింది. డైనమోనో, ఆల్టర్నేటరో, బెల్టో చూడాలి.

లైట్లు టక్కున పూర్తిగా ఆరితే ఎక్కడో అతుకు చెడింది. కొసలను జాగ్రత్తగా తాకి చూడండి. వేడెక్కిన అతుకే దొంగ.

లైట్లు తగ్గకుండా వెలుగుతూ స్టార్టరు పలకకపోతే తప్పు స్టార్టరు వైపో, తాళం స్విచ్చి వైపో ఉన్నది.

అసలు లైట్లే వెలగకపోతే దారి పూర్తిగా తెగింది. కాలితో తొక్కే స్టార్టరున్న పాత జీపులో ఒక సులువు ఉన్నది. లైట్లు లేకున్నా స్టార్టరు తిరిగితే బ్యాటరీ, లావు తీగలు మంచివే. ఆంపియరు మీటరు వెనుక నట్టు వదులైందేమో చూడండి.

తెగిన చోటు పట్టుకోవడానికి ఒక 12 వోల్టుల చిన్న బుగ్గ, రెండు తీగలు చాలు. ముందు బ్యాటరీ సీసం కొసలకే రెండు తీగలు ఆనించండి, క్లాంపులకు కాదు. వెలిగిందా? ఒక తీగను మైనస్ కొసమీదే ఉంచి, రెండోదాన్ని ప్లస్ క్లాంపుకు, స్టార్టరు లావు బోల్టుకు, మీటరు నట్టుకు, తాళం స్విచ్చికి వరుసగా ఆనిస్తూ పోండి. ఎక్కడిదాకా వెలిగి, ఎక్కడ ఆరిందో ఆ రెండింటి నడుమే తప్పు. తర్వాత ఒక తీగను ప్లస్ కొసమీద ఉంచి, రెండోదాన్ని మైనస్ క్లాంపుకు, ఇంజను ఇనుముకు, బాడీకి ఆనించి చూడండి. రంగున్న చోట కాదు, గీకిన ఇనుముమీద ఆనించాలి.

ఈ బుగ్గ పూర్తిగా తెగిన దారిని చూపుతుంది; సగం చెడిన అతుకును చూపదు. దానికి వోల్టు మీటరు కావాలి. మైనస్ కొసకూ ఇంజను ఇనుముకూ మీటరు పెట్టి స్టార్టరు నొక్కించండి. అర వోల్టు మించి చూపితే ఆ పట్టీ, దాని అతుకులు విప్పవలసిందే. బ్యాటరీనే చూడాలంటే, బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సుమారు సగం. కొసలన్నీ శుభ్రం చేసినా, మీటరు మంచిగానే చూపినా, లైటు వేయగానే అంతా పడిపోతే లోపలి పలకల అతుకు తెగి ఉండవచ్చు. అప్పుడు బ్యాటరీ మార్చక తప్పదు.

కొసలు విప్పేటప్పుడు బాడీకి కలిసిన కొసను ముందు విప్పాలి, చివర బిగించాలి. లేకుంటే పానా బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. చాలా పాత బ్రిటిషు నమూనా బండ్లలో బాడీకి ప్లస్ కొస కలిపి ఉండేది. గుర్తు చూచుకొని పని మొదలుపెట్టండి. చిలుమును వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరిన తర్వాత గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలీను పూయండి. కడిగే నీళ్లు బ్యాటరీ లోపలికి పోరాదు.

ఫ్యూజు కాలిందా? అది నేరస్థుడు కాదు, వార్త తెచ్చిన మనిషి. అదే ఆంపియర్లది ఒక్కసారి వేసి చూడండి. మళ్లీ కాలితే ఎక్కడో తీగ ఒరుసుకొని బాడీకి తగులుతున్నది. ధాన్యం పక్కన నిలిపిన బండిలో ఎలుకలు తీగలు కొరకడం కద్దు. ఫ్యూజు చోట రాగి తీగనో, సిగరెట్టు పెట్టె వెండి కాగితమో చుట్టకండి. ఫ్యూజుకు బదులు తీగలే కాలుతాయి. తీగలతో బండీ, పక్కనున్న గడ్డివామూ కాలిపోవచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొస తీసి "ఛార్జి వస్తున్నదా" అని చూసే అలవాటు కూడా మానండి. ఆల్టర్నేటరున్న బండిలో వోల్టేజి ఎగిరి లోపలి డయోడ్లు మాడిపోతాయి.

మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఎండకు బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గుతాయి. మూతలున్న బ్యాటరీలో ఎండకాలం పదిహేను రోజులకొకసారి చూచి డిస్టిల్డు నీళ్లే పోయండి. మన బోరు నీళ్లలోని ఉప్పులు పలకలను చెడగొడతాయి. ఎర్త్ పట్టీని ఏటా కోతలకు ముందే విప్పి, గీకి బిగించుకొంటే మంచిది.

విస్తరణ అధికారులకు ఒక మనవి. రైతు వేదికలో ఒక బ్యాటరీ, ఒక బుగ్గ, చిలుము పట్టిన క్లాంపు పెట్టి ఈ పరీక్ష ఒక్కసారి చేసి చూపండి. 12 వోల్టుల ట్రాక్టరుకూ ఇదే పద్ధతి పనికివస్తుంది. బుగ్గ, తీగలు, పానా, గరుకు కాగితం ఒక గుడ్డ సంచిలో కట్టి సీటు కింద పెట్టుకొన్న రైతు, బ్యాటరీ దుకాణానికి పోయేముందు తన బండినే నాలుగు ప్రశ్నలు అడగగలడు.