గొర్రెపిల్లకు క్రిస్మస్ బట్టలా?

క్రిస్మస్ దగ్గరపడిందంటే మన సంఘాల్లో సండే స్కూలు పిల్లలకు చేతినిండా పనే. నక్షత్రాలు కట్టాలి, పాటలు నేర్చుకోవాలి, నాటికకు దుస్తులు సిద్ధం చేసుకోవాలి. యోసేపుకు నాన్నగారి దుప్పటి, మరియకు అమ్మ నీలం చీర, జ్ఞానులకు బంగారు కాగితం అంటించిన అట్ట కిరీటాలు ఎలాగో సమకూడుతాయి. ఆ తరువాత పిల్లల చూపు ఇంట్లోని మూగజీవాల మీద పడుతుంది. కుక్కపిల్లకు ఎర్ర టోపీ, మేకపిల్లకు మెరుపుల దండ, పిల్లి మెడకు రిబ్బను! ఇక మన ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో జీవాలకు కొదవ లేదు కనుక, నాటికలో నిజమైన గొర్రెపిల్లే కావాలని పట్టుబడతారు.

పిల్లల సరదా తప్పు కాదు. కానీ ఆ సరదాలో నేను చేసిన ఒక పొరపాటును మీతో పంచుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక పల్లెలో పిల్లల చేత క్రిస్మస్ నాటిక వేయించాను. గొర్రెలు కాచుకునే ఒక పెద్దాయన తన మందలోని చిన్న పిల్లను మాకు ఇచ్చాడు. దాని మెడకు చిన్న గంట కడితే బాగుంటుందని ఒక అబ్బాయి అన్నాడు. దారం దొరకలేదు. నేనే నా సంచిలోని రబ్బరు బ్యాండు తీసి ఇచ్చాను. నాటిక జరిగినంతసేపూ గొర్రెపిల్ల కదలకుండా నిలబడింది. "ఎంత బుద్ధిగా ఉందో!" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి గంట ఊడి ఎక్కడో పడిపోయింది. రబ్బరు బ్యాండు మాత్రం మెడ వెంట్రుకల్లో కలిసిపోయింది. ఎవరూ గమనించలేదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. "టీచరమ్మా, గొర్రెపిల్ల నాలుగు దినాల నుంచి మేత ముట్టలేదు. మెడ మీద పుండు కనపడింది. వెంట్రుకలు పాయ తీసి చూస్తే లోపల రబ్బరు ఉంది" అన్నాడు. పశువుల డాక్టరుగారు ఆ రబ్బరును కత్తిరించి తీసి, పురుగులు తొలగించి మందు వేశారు. గొర్రెపిల్ల బతికింది. మెడ చుట్టూ మచ్చ మాత్రం మిగిలిపోయింది. పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు మరింత సిగ్గు వేసింది.

అది బుద్ధిగా నిలబడలేదు, భయంతో బిగుసుకుపోయింది. గొర్రె మందలో బతికే జీవి. మందనుండి విడదీసి, దీపాల వెలుగులో, జనం మధ్య నిలబెడితే దానికి దిక్కు తోచదు. కదలకుండా ఉన్నంత మాత్రాన అది సంతోషంగా ఉందని అనుకోవద్దు.

లేఖనాలు ఏమి నేర్పుతున్నాయి?

లూకా సువార్తలో పశువుల తొట్టి ఉంది గాని, దాని పక్కన ఏ పశువు ఉన్నదో చెప్పలేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ ఎండుగడ్డి పరిచి, ఎద్దును, గాడిదను తెప్పించి క్రీస్తు జనన దృశ్యాన్ని జనానికి చూపించాడు. మనం కట్టే పశువుల పాకలకూ, వేసే నాటికలకూ ఆ దృశ్యం ఒక పాత మాదిరి.

పశువులకు బట్ట కప్పిన సంగతి బైబిలులో యోనా గ్రంథం మూడవ అధ్యాయంలో కనిపిస్తుంది. నీనెవె రాజు మనుష్యులతోపాటు పశువులకు కూడా గోనెపట్ట కట్టమన్నాడు. ఆ గ్రంథపు చివరి వచనంలో దేవుడు ఆ పట్టణంలోని పశువులను కూడా తలచుకుని జాలిపడ్డాడు.

మన ప్రభువు యెరూషలేము ప్రవేశానికి ఒక గాడిదపిల్లను అడిగి తెప్పించుకున్నాడు. శిష్యులు దాని మీద తమ వస్త్రాలు వేశారు. పిల్లను తల్లితోపాటే తోలుకొచ్చారని మత్తయి రాశాడు. పని అయిన వెంటనే తిరిగి పంపిస్తామని ప్రభువు చెప్పించినట్లు మార్కు రాశాడు. తల్లిని విడదీయకపోవడం, త్వరగా తిరిగి పంపడం - నాటిక వేయించే మనకు ఈ రెండూ చాలు.

బట్ట తొడిగే ముందు

1. మెత్తని, పలుచని నూలు బట్టనే వాడండి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ వేడిని బయటకు పంపుతుంది. డిసెంబరులో కూడా మన ప్రాంతంలో పగటి ఎండ చురుక్కుమంటుంది. ఉన్ని, వెల్వెట్టు బట్టలు వద్దు.

2. బట్టకూ మెడకూ మధ్య మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. కళ్ళు, చెవులు, నోరు, కాళ్ళు, తోక బట్టలో చిక్కుకోకూడదు. మూతి కట్టడం అసలు కూడదు. కళ్ళం తొక్కే ఎద్దు మూతికే చిక్కము వేయవద్దని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించింది కదా!

3. నాటిక రోజునే మొదటిసారి తొడగవద్దు. వారం ముందునుంచి రోజూ ఒకటి రెండు నిమిషాలు ఇంటి దగ్గరే అలవాటు చేయండి. ఏరువాక నాడు కాడెద్దులకు మువ్వల పట్టెడ కట్టే రైతును చూడండి. ఆ ఎద్దు అతని చేతికి అలవాటు పడినది.

4. చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడుచుకోవడం, మాటిమాటికీ పెదవులు నాకడం, వణకడం, దాక్కోవడం - వీటిలో ఏది కనబడినా వెంటనే బట్ట తీసేయండి. "ఇంకొక్క ఫోటో" అనవద్దు.

5. బట్ట వేసినంతసేపూ ఒక పెద్దవారు పక్కనే ఉండాలి. పది నిమిషాలు చాలు. తీసేశాక మెడ, కాళ్ళు, తోక చేతితో తడిమి చూడండి.

ఇవి మాత్రం వద్దు

రబ్బరు బ్యాండ్లు ఎక్కడా కట్టవద్దు. దూదిని జిగురుతో ఒంటికి అంటించవద్దు. పీకేటప్పుడు వెంట్రుకలతోపాటు చర్మం కూడా లేస్తుంది. గోడల రంగులు పూయవద్దు. జీవాలు ఒళ్ళు నాక్కుంటాయి. మేకకు కాగితం పూలు, ప్లాస్టిక్ దండలు కడితే నాటిక పూర్తయ్యేలోగా అవి దాని కడుపులోకి చేరతాయి. రిబ్బను, మెరుపుల దారం పిల్లి మింగితే పేగుల్లో చిక్కుకుని ప్రాణం మీదికి వస్తుంది. నోటి నుండి దారం వేలాడుతుంటే లాగవద్దు, డాక్టరుకు చూపించండి. కొవ్వొత్తులకూ, టపాకాయలకూ జీవాలను దూరంగా ఉంచండి. ఎండుద్రాక్ష వేసిన క్రిస్మస్ కేకు, చాక్లెట్లు కుక్కకు పెట్టకండి. అవి దానికి విషం.

పుండు పడితే కిరోసిను, ఫినాయిలు పోయకుండా దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి.

అసలు గొర్రెపిల్ల గొర్రెపిల్లలా కనిపించడానికి వేషం ఎందుకు? మా నాటికలో ఇప్పుడు చిన్నపిల్లలే తెల్లని టోపీకి దూది కుట్టుకుని గొర్రెలవుతున్నారు. వారు బిగ్గరగా "మే... మే..." అంటుంటే సభ అంతా నవ్వుతుంది. రెండేళ్ళ తరువాత ఆ పెద్దాయనే మళ్ళీ ఒక గొర్రెపిల్లను తీసుకొచ్చాడు, ఈసారి తల్లితో సహా. దానికి మేము గంట కట్టలేదు, బట్ట వేయలేదు. పాక దృశ్యం అయిపోగానే పిల్లలే రెంటినీ మందదాకా సాగనంపి వచ్చారు.

నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం పన్నెండవ అధ్యాయం నేర్పుతుంది. తల్లిదండ్రులారా, ఈ క్రిస్మస్‌కు మీ బిడ్డలు కుక్కపిల్లకు టోపీ పెట్టబోతే కసరవద్దు. దగ్గర కూర్చుండి, "దీనికి ఇష్టమో కాదో చూద్దాం పట్టు" అనండి. నోరులేని జీవి బాధను గుర్తించడం నేర్చుకున్న బిడ్డ, రేపు నోరున్నా చెప్పుకోలేని పొరుగువాని బాధను కూడా గుర్తిస్తాడు. పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు మన పిల్లలకు అట్టి మనసు అనుగ్రహించును గాక!