వైద్యపరికర పరిశ్రమయు విదేశవ్యాపారమును

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దల మాట. ఇది మనుష్యులకు వలెనే పరిశ్రమలకును వర్తించును. భూగోళశాస్త్రము చదువు మన బాలబాలికలు ఏ దేశమున ఏ పంట పండునో, ఏ రేవున ఏ సరకు ఓడ కెక్కునో చక్కగా చెప్పగలరు. కాని శస్త్రవైద్యుని కత్తెర, పట్టుకారు, కుట్లు వేయు సూది, కంటిలో అమర్చు కటకము మున్నగునవి ఎచ్చట తయారగుచున్నవో, కొలది ధనము, కొలది యంత్రసామగ్రి గల దేశము వానిని చేసి ధనిక దేశముల వైద్యశాలలకు ఎట్లు అమ్మగలుగునో అంతగా ఎరుగరు. ఈ విషయమును రెండు నగరముల చరిత్రల మూలమున ఇచ్చట వివరింప దలచితిమి.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. వైద్యపరికరము తక్కిన సరకుల వంటిది కాదు. గుడ్డలో పోగు తెగియున్నచో కొనువాడు చూచి విడిచిపెట్టును. కుండ పగిలియున్నచో వ్రేలితో తట్టి తెలిసికొనును. కాని పట్టుకారు కీలులో కంటికి కానరాని పగులున్నచో అది బయటపడునది శస్త్రచికిత్స నడుమనే. పైగా పరికరమును కొనువాడొకడు, దాని మంచిచెడ్డల ననుభవించువాడు వేరొకడు. రోగి మత్తులో నుండును. అతడు పరికరమును పరీక్షింపజాలడు. కావున ఈ వ్యాపారమంతయు నమ్మకముపై నిలిచియున్నది. ఆ నమ్మకమునకు సాక్ష్యము చూపినగాని ఏ దేశపు ప్రభుత్వమును తన రేవులో సరకు దిగనీయదు. వైద్యపరికరముల ఎగుమతికి చేతిపనితో పాటు ఈ సాక్ష్యమును సమకూర్చుకొనుటయే కష్టతరమైన పని.

మొదటి ఉదాహరణము సియాల్కోటు. ఈ నగరము నేడు పాకిస్థానమునందలి పంజాబులో నున్నది. 1947 వరకు అవిభక్త భారతదేశములోనిది. కత్తులు, బాకులు చేయు కమ్మరులకు అది పూర్వమునుండియు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దము చివరి దినములలో అచ్చటి అమెరికా మిషను వైద్యశాలవారు తమ శస్త్రములు చెడిపోయినపుడు బాగుచేయుటకై ఊరి కమ్మరుల కిచ్చుచుండిరి. బాగుచేసిన చేతులు కొలది కాలములోనే వానివంటివానిని క్రొత్తగా చేయ నేర్చినవి. చేసినదానిని వైద్యుడు పట్టి చూచి, ఇది బిగువుగానున్నది, ఇది జారుచున్నది అని చెప్పుచుండెను; కమ్మరి మరల కొలిమి రాజేయుచుండెను. గురుశిష్యులకు నడుమ నాలుగు వీధుల దూరము మాత్రమే యుండుట ఆ పరిశ్రమకు పునాది. రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపానుండి సరకు వచ్చుట దుర్లభము కాగా సైన్యపు వైద్యశాలలకు సియాల్కోటు పరికరములు అక్కరకు వచ్చినవి. పిమ్మట క్రమముగా అమెరికా, ఐరోపా ఖండముల వైద్యశాలలలో ఆ ఊరి కత్తెరలు చేరినవి.

ఆ పని నడచు విధము తెలిసికొనదగినది. ఒక పట్టుకారు ఒకే చేతిలో పుట్టదు. ఒకడు ఉక్కును కాచి అచ్చులో కొట్టును. ఒకడు ఆకురాయితో రుద్దును. ఒకడు కీలు కూర్చును. ఒకడు కాచి చల్లార్చి పదును పెట్టును. ఒకడు మెరుగు దిద్దును. వీరిలో పెక్కుమంది చిన్న చిన్న పనిశాలలవారు. తుప్పు పట్టని ఉక్కులో క్రోమియము నూటికి సుమారు పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ నుండును. అది గాలిలోని ఆమ్లజనితో కలిసి పైన మిక్కిలి పలుచని పొర యేర్పరచి లోపలి ఇనుమును కాపాడును. రుద్దునపుడు ఇనుపరజను పైన అంటుకొని మిగిలినచో అచ్చటనే తుప్పు మొదలగును. అందుచేత తుదకు ఆమ్లములో ముంచి ఆ రజను తొలగింపవలెను. ఈ యొక్క మెట్టును ఎవడైన తొందరలో దాటవేసినచో పరికరము చూపునకు తళతళలాడుచునే యుండును. కాని కొన్ని మారులు ఆవిరిలో శుద్ధిచేసినంతనే మచ్చలు పడును.

1994వ సంవత్సరమున ఈ లోపమే ఆ నగరమునకు గొప్ప ఆపదయై వచ్చినది. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆహారౌషధ పాలనశాఖవారు పాకిస్థాను పరికరములు తమ తయారీ నియమములకు లోబడియుండలేదని చెప్పి వాని దిగుమతిని అడ్డగించిరి. ముఖ్యమైన విపణి మూతపడుటతో వేలకొలది కుటుంబముల జీవనము ఆ యొక్క ఉత్తరువుపై వ్రేలాడినది. ఆ నియమములు కోరునది మంచి సరకు మాత్రమే కాదు. ఉక్కు ఎచ్చటనుండి వచ్చినది, ఎంత వేడిమిలో కాచిరి, ఏ దినమున ఎవరు పరీక్షించిరి, ఏ సంఖ్యగల మూట ఏ వైద్యశాలకు పోయినది అను సంగతులన్నియు వ్రాతలో నుండవలెను. ఎక్కడనో ఒక కత్తెర విరిగినచో దానితోడి కత్తెరలన్నిటిని వెనుకకు రప్పించుటకు ఆ వ్రాతయే ఆధారము. తరతరముల చేతినేర్పు గల పనివారికి లేనిది ఈ వ్రాతయే.

ఒక్కొక్క చిన్న పనిశాల తనంతట తాను నిపుణుల ననిపించి తెచ్చుకొనజాలదు. కావున పరికరకారుల సంఘమును ప్రభుత్వమును చేయి కలిపి, అమెరికానుండి శిక్షకులను రప్పించి, ఊరివారికందరకు ఆ పద్ధతి నేర్పించిరి. కొలది సంవత్సరములలోనే పెక్కు సంస్థలు యోగ్యతాపత్రములు పొందినవి. మూతపడిన ద్వారము మరల తెరువబడినది. ఒకరితో నొకరు పోటీపడు వర్తకులు ఆపదలో ఏకమై నిలుచుట వారికి అలవాటైనదనుటకు వేరొక నిదర్శనము: ఆ నగరపు వర్తకులు తమ సొమ్ముతోనే ఒక విమానాశ్రయమును కట్టుకొనిరి. అది 2007లో తెరువబడినది.

అయినను ఆ చరిత్రలో చీకటి పార్శ్వము లేకపోలేదు. సియాల్కోటులో రూపొందిన పరికరములు కొన్ని జర్మనీదేశపు టుట్లింగెను వంటి ప్రఖ్యాత నగరముల సంస్థల పేరిట అమ్ముడగుచుండును. పేరు గలవానికి లాభములో పెద్ద పాలు, చేయి గలవానికి చిన్న పాలు. ఆ చిన్న పాలును పంచుకొనవలసిన పనిశాలలలో మన పాఠశాల బాలుర యీడువారు సయితము లోహపు ధూళిలో సానపట్టుచుండిరి. అంతర్జాతీయ కార్మిక సంస్థవారు ఈ శతాబ్దారంభమున ఆ పిల్లలను పనినుండి తప్పించి చదువునకు మరల్చుటకై పనిచేసిరి. ఒకని ప్రాణము నిలుపు పరికరము వేరొకని ఊపిరితిత్తులను చెరచి తయారగుట తగునా? ఎగుమతి లెక్కలలో ఈ ప్రశ్నకును చోటుండవలెనని మా అభిప్రాయము.

రెండవ ఉదాహరణము తమిళదేశమునందలి మదురై. డాక్టరు గోవిందప్ప వేంకటస్వామిగారు ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన పిమ్మట 1976లో పదకొండు పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి. కీళ్లవాతముచే ఆయన వ్రేళ్లు వంకరలు పోయియుండినను ఆ చేతులతోనే వేలకొలది కన్నులకు శస్త్రచికిత్స చేసిరి. కంటి శుక్లము తొలగించిన తరువాత ఆ చోట కటకము లేకున్నచో రోగి దళసరి అద్దములు ధరింపవలెను. అవి పగిలినను పోయినను అతడు మరల గుడ్డివానితో సమానమే. ఇంగ్లాండున హెరాల్డు రిడ్లీ అను వైద్యుడు 1949లో కంటిలోపలనే అక్రిలిక్ కటకమును అమర్చి దారి చూపెను. యుద్ధవిమానముల కప్పు ముక్కలు సైనికుల కన్నులలో గ్రుచ్చుకొన్నను ఆ పదార్థము కంటికి బాధ కలిగింపకుండుట ఆయన గమనించిన విశేషము. కాని విదేశములనుండి తెప్పించు కటకము ఒక్కొక్కటి నూరు డాలర్ల ప్రాంతమున నుండుటచే బీదరైతునకు అది అందని పండయ్యెను.

అందుచేత 1992లో ఆ వైద్యశాలకు అనుబంధముగా ఆరోల్యాబు అను కార్ఖానా స్థాపింపబడినది. అమెరికానుండి సాంకేతికవిద్యను తెచ్చుకొని, ధూళి సోకని గదులలో, తెల్లని దుస్తులు ధరించిన పల్లెటూరి యువతులచే కటకములు చేయించిరి. మొదట వాని వెల సుమారు పది డాలర్లు. పిమ్మట ఇంకను తగ్గినది. ప్రక్కనే మహావైద్యశాల యుండుటచే కటకములకు కొనువారు సిద్ధముగా నుండిరి. ఏ కటకము బాగుగానున్నది, ఏది లేదు అని చెప్పు వైద్యులును సిద్ధముగా నుండిరి. ఇంట నిట్లు గెలిచిన పిమ్మట ఐరోపా ప్రమాణముల యోగ్యతను సంపాదించి, నేడు నూరింటికి పైబడిన దేశములకు ఆ కటకములను పంపుచున్నారు. వెల తగ్గుటచే గుణము తగ్గలేదు. గుణము చూపగలిగినందుననే తక్కువ వెలను లోకము నమ్మినది.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూతము. ఒకచోట చేతినేర్పు ముందు పుట్టి శాస్త్రము తరువాత వచ్చినది. వేరొకచోట రోగుల అవసరము ముందు పుట్టి నేర్పును ఎరువు తెచ్చుకొనవలసి వచ్చినది. అయినను రెండింటను పనిశాల వైద్యశాలకు చేరువగా నున్నది. రెండింటను వ్రాతమూలకమైన పరీక్ష నెగ్గిన పిమ్మటనే పరదేశపు ద్వారము నిలకడగా తెరచుకొన్నది. రెండింటను ఒంటరివాడు చేయలేని పని నలుగురు కూడి చేసిరి. చౌక కూలి మాత్రమే చాలునని తలచువారికి ఈ చరిత్రలలో ఆధారము కనబడదు.

మన తెలుగునాటను ఈ ప్రయత్నము మొదలైనది. విశాఖపట్టణమున సుమారు 270 ఎకరములలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోను 2018 డిసెంబరులో ప్రారంభమైనది. చిన్న సంస్థ తనకై కట్టుకొనజాలని పరీక్షాశాలలను ఒక్కచోట నుంచి అందరకు అందుబాటు చేయుట దాని ముఖ్యోద్దేశము. 2020లో మహమ్మారి ప్రబలినపుడు విదేశపు సరకు అందుట కష్టము కాగా అచ్చట శ్వాసయంత్రములును రోగనిర్ధారణ సామగ్రియు తయారైనవి. తెలంగాణమున సంగారెడ్డి జిల్లా సుల్తానుపూరులోను వైద్యపరికరముల పారిశ్రామికవాడ గలదు. భారతప్రభుత్వమువారి వైద్యపరికర నియమములు 2018 జనవరి 1వ తేదీనుండి అమలులో నున్నవి. అవి పరికరములను ప్రమాదముయొక్క తారతమ్యమునుబట్టి నాలుగు తరగతులుగా విభజించినవి. అయినను విలువ గల యంత్రములలో అధికభాగమును మన దేశము నేటికిని బయటినుండియే కొనుచున్నది. ఇంట గెలువవలసిన పని ఇంకను మిగిలియున్నదనుట స్పష్టము.

విద్యార్థులారా, ఈ పరిశ్రమకు వైద్యులును యంత్రనిపుణులును మాత్రమే కాక పటము గీయువారు, తరిమెన పట్టువారు, రసాయనము తెలిసినవారు, కొలిచి వ్రాయువారు వేలకొలది కావలెను. ఇందు మొదటి పాఠము మీ ప్రయోగశాలలోనే యున్నది. ఉష్ణమాపకము చూపిన అంకెను కాక పుస్తకములో నున్న అంకెను, లేక ప్రక్కవాడు వ్రాసిన అంకెను మీ పట్టికలో వ్రాయుట కొందరికి చిన్న తప్పుగా తోచవచ్చును. కార్ఖానాలో అట్లు వ్రాసిన యొక్క అంకె ఎక్కడనో, ఎన్నడో, ఎవరి తల్లి కంటిలోనో, ఎవరి బిడ్డ గుండెలోనో తేలును. తలిదండ్రులును ఉపాధ్యాయులును మార్కులకంటె ముందుగా ఆ పట్టికలోని నిజమును చూడవలెనని వేడుచున్నాము.