ఒక డేటాబేస్‌కు మరొక డేటాబేస్ కాపలా

కొన్నేళ్ళ క్రిందట నేను పనిచేసిన ఒక కళాశాలకు, ఉరుకుంద నుండి వచ్చి చదువుకొన్న విద్యార్థిని ఒకామె టి.సి. కొరకు వచ్చినది. ఆఫీసు కంప్యూటరు అప్పటికే చెడిపోయినది. దాచి ఉంచిన నకలు తెరుచుకోలేదు. ఆమె ప్రవేశ దరఖాస్తు పాత కాగితాల కట్టలో దొరికేవరకు మూడుమార్లు బస్సెక్కి రావలసి వచ్చినది. మరొకచోట చేరడానికి ఆమెకు మిగిలిన గడువు రెండు దినాలే.

గుమాస్తా నిర్లక్ష్యం చేయలేదు. ప్రతి సాయంత్రం ఫైలును పెన్‌డ్రైవులోనికి నకలు తీసేవాడు. అయితే అదే సమయంలో పక్క గదిలోని కంప్యూటరులో ఆ ఫైలు తెరచియుండి, అందులో పేర్లు చేరుతూ ఉండేవి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడివద్ద ఒక చివరి నుండి మరొక చివరికి నడుస్తూ జనాన్ని లెక్కించబోతే ఏమవుతుంది? కొందరు రెండుమార్లు లెక్కకు వస్తారు, కొందరు అసలు రారు. వాడుకలో ఉన్న ఫైలు నకలు కూడా అట్లే సగం పాతదిగా, సగం కొత్తదిగా తయారు కావచ్చును.

చిన్న కార్యాలయాలు వాడే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 1992లో వెలువడినది. ఒక ఫైలులోని పట్టికలన్నింటినీ చదివి కొత్త ఫైలుగా వ్రాసే 'కంపాక్ట్' అనే పని అందులో కలదు. కాని మూల ఫైలును అందరూ మూసివేసినప్పుడే అది సాధ్యం. తన లోపలి కోడును నడుపుతున్న డేటాబేస్ తెరచియే ఉంటుంది గదా! కావున ఆ పని బయటినుండి మరొకరు చేయవలెను.

ఆ మరొకరే రెండవ డేటాబేస్. ఇందులో విద్యార్థుల వివరాలేవీ ఉండవు. ఏ ఫైలును ఎక్కడికి నకలు తీయవలెనో తెలిపే పట్టిక ఒకటి, జరిగిన పనిని నమోదు చేసే చిట్టా ఒకటి, కొద్దిపాటి విజువల్ బేసిక్ కోడు, అంతే. రాత్రి నిర్ణీత సమయానికి విండోస్ దానిని తెరుస్తుంది. మూల ఫైలు పక్కన తాళపు ఫైలు కనిపిస్తే, ఎవరో లోపల ఉన్నారని గ్రహించి కొంతసేపు ఆగుతుంది. లేకుంటే కంపాక్ట్ ఆజ్ఞనిచ్చి, ఆనాటి తేదీ పేరులో చేర్చి కొత్త నకలు వ్రాయిస్తుంది. తరువాత ఆ నకలును తానే తెరచి, ఒక్కొక్క పట్టికలోని వరుసలను లెక్కించి, మూలంతో సరిపోల్చి, ఫలితాన్ని చిట్టాకెక్కించి మూసుకొంటుంది. తేదీ చేర్చడం అలంకారం కాదు. నిన్నటి మంచి నకలుపై నేటి చెడ్డ నకలు పడితే రెండూ పోతాయి.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దు కాకముందు, గ్రామ లెక్కలు వ్రాసేది కరణమే అయినా, జమాబందీలో వాటిని సరిచూచేది పై అధికారులు.

మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ వంటి పెద్ద డేటాబేస్‌లు, జనం పనిచేస్తుండగానే ఒక్క క్షణపు స్థితిని పట్టి నకలు ఇవ్వగలవు. అయినా ప్రమాదం తొలగదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచివేసినాడు. రోజువారీ నకళ్ళకై వెదకగా అవి లేనే లేవు. నకలు తీసే ప్రోగ్రాము సంచిక డేటాబేస్ సంచికతో సరిపడక ఆ పని విఫలమవుతూనే ఉన్నదట. విఫలమైనట్లు తెలిపే ఈమెయిళ్ళు కూడా చేరవలసినవారికి చేరలేదు. మరొక పనికై ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి అదృష్టవశాత్తు దొరికినది. ఆ ఆరు గంటల నమోదులు మాత్రం పోయినవి.

కాబట్టి చిట్టా ఎక్కడో దాగియుంటే చాలదు. ఉదయం గుమాస్తా కంప్యూటరు తెరవగానే నిన్నటి ఫలితం ఎదుట కనిపించవలెను; ఏమీ కనిపించకపోతే దానినే వైఫల్యంగా భావించవలెను. వారానికొక నకలు కళాశాల భవనం వెలుపల ఉండవలెను. ఇందుకు కమిటీవారు కొనవలసినది ఒక బయటి హార్డ్‌డిస్కు. కోడు వ్రాయడం మన మూడవ సంవత్సరం విద్యార్థులకు అసాధ్యమేమీ కాదు. నెలకొకసారి ఆ నకలును వేరొక కంప్యూటరులో తెరచి, ఎవరో ఒక విద్యార్థి టి.సి.ని ముద్రించి చూడడానికి పది నిమిషాలు పడుతుంది.